తాళం వెనక రాగి రేకు

తాళం ఒక మెలి తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపాలు వెలుగుతాయి. ఇంకో మెలి తిప్పితే సెల్ఫ్ కొట్టాలి. కొట్టదు. టిక్కుమన్న చప్పుడు కూడా రాదు. తాళాన్ని కాస్త వెనక్కి తెచ్చి, పక్కకి నొక్కి మళ్ళీ తిప్పితే ఏమీ జరగనట్టు ఇంజను అందుకుంటుంది. పదిహేను, ఇరవై ఏళ్ళ కారు నడిపేవాళ్ళలో చాలామందికి ఈ తంతు అలవాటే. బండి ఇంకొకరికి ఇచ్చేటప్పుడు "తాళం కొంచెం ఎడమకి నొక్కి తిప్పండి" అని చెప్పి మరీ ఇస్తారు. బ్యాటరీ మారుస్తారు, సెల్ఫ్ మోటార్ విప్పించి బుష్‌లూ కార్బన్లూ వేయిస్తారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే తంతు.

కాస్త నిదానంగా ఆలోచిస్తే జవాబు ఆ తంతులోనే ఉంది. నీరసించిన బ్యాటరీకి తాళాన్ని ఆడించినంత మాత్రాన సత్తువ రాదు. కాలిపోయిన మోటారు తాళాన్ని ఎటు నొక్కినా తిరగదు. ఆడిస్తే పనిచేస్తోందంటే లోపం ఆ ఆడే చోటుకి దగ్గర్లోనే ఎక్కడో ఉండాలి.

లాక్ వేరు, స్విచ్ వేరు

మనం ఇగ్నీషన్ అని ఒక్క మాటతో సరిపెట్టే చోట రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుది లాక్. తాళం పళ్ళకి సరిపడే పలచటి పలకలు, స్టీరింగును బిగించి పట్టే ఉక్కు కడ్డీ ఇందులోవే. ఇదంతా యాంత్రికమైన అమరిక, కరెంటుతో పని లేదు. వెనకది అసలు స్విచ్, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. లాక్ చివర పొడుచుకొచ్చిన రేకు ఒకటి ఈ డబ్బా గాడిలో దూరి ఉంటుంది. తాళం తిప్పితే ఆ రేకు డబ్బాలోని చక్రాన్ని తిప్పుతుంది. చక్రం మీదున్న రాగి రేకులు ఒక కాంటాక్టు నుంచి ఇంకో కాంటాక్టు మీదికి జారతాయి.

ఈ తేడా తెలియకపోతే చేతి చమురు వదులుతుంది. చాలా పాత మోడళ్ళలో వెనక స్విచ్ విడిగా దొరుకుతుంది, ఒకటి రెండు స్క్రూలు విప్పితే ఊడి వస్తుంది. అయినా మొత్తం లాక్ సెట్టే మార్చాలని చెప్పే షెడ్లకు కొదవ లేదు. అలా మార్చాక ఇగ్నీషన్‌కి ఒక తాళం, తలుపులకి ఇంకో తాళం జేబులో వేసుకు తిరగాలి. తాళంలో ఇమ్మొబిలైజర్ చిప్ ఉన్న కారైతే కోడింగ్ ఖర్చు అదనం.

తాళం లోపలికి దూరకపోవడం, దూరినా తిరగకపోవడం, ఇంజను నడుస్తుండగానే ఊడి చేతికి రావడం లాక్ జబ్బులు. తాళం హాయిగా తిరుగుతూనే సెల్ఫ్ ఒకసారి కొట్టి ఒకసారి కొట్టకపోయినా, గతుకులో పడగానే ఇంజను ఆగి మళ్ళీ అందుకున్నా, తాళం ముట్టుకుంటే దీపాలు మిణుకుమన్నా అనుమానం స్విచ్ మీదికి మళ్ళాలి. ఇంకో లక్షణం మరీ తికమక పెడుతుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజను అందుకున్నట్టే ఉంటుంది, తాళం వదలగానే ఆగిపోతుంది. అంటే స్టార్టు కాంటాక్టు బాగుంది, ఆన్ కాంటాక్టు పోయింది. కాయిల్‌కి బల్లాస్ట్ రెసిస్టర్ ఉన్న మరీ పాత కార్లలో ఆ రెసిస్టర్ తెగినా ఇదే జరుగుతుంది కాబట్టి ముందు దాన్ని చూసుకోవాలి.

ఇంత పని ఒక్క తాళానికి ఎందుకు చుట్టుకుంది?

మొదట్లో కార్లకు సెల్ఫ్ లేదు. ముందు వైపు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవారు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. 1912 కాడిలాక్‌తో చార్ల్స్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు ఆయన నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో గల్లాపెట్టెలకు మోటార్లు అమర్చిన ఇంజినీరు. కొన్ని సెకన్లే తిరగాల్సిన మోటారు మీద మామూలుగా మోయలేనంత భారం వేసినా తట్టుకుంటుందని ఆయనకు అక్కడి అనుభవం నేర్పింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇగ్నీషన్‌కి తాళం, స్టార్టరుకి బటనో పెడలో విడివిడిగా ఉండేవి. రెండింటినీ ఒకే తాళానికి కలిపి 1949 మోడళ్ళలో క్రైస్లర్ అమ్మింది. మన అంబాసడర్ మాత్రం సెల్ఫ్ ఉన్నా హ్యాండిల్ కోసం ముందు బంపరు దగ్గర కన్నం ఉంచుకుంది. వాటి యజమానులు ఎంతోమంది ఆ కన్నానికి రుణపడి ఉంటారు.

ఒకే తాళానికి అన్నీ చుట్టేసరికి స్విచ్ మీద బరువు పెరిగింది. సెల్ఫ్ మోటారు చిన్న కారులోనూ వంద ఆంపియర్లకు పైగా తాగుతుంది. అంత కరెంటు ఈ డబ్బాలోంచి పోదు. మోటారు నెత్తిన సాలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం ఉంటుంది, ఆ పెద్ద కరెంటును కలిపేదీ విడదీసేదీ అదే. తాళం స్విచ్ ఆ సాలినాయిడ్‌ని మాత్రమే లేపుతుంది. అయితే ఈ 'మాత్రమే' కూడా తక్కువేమీ కాదు. సాలినాయిడ్ లాగే తొలి క్షణంలో 20 ఆంపియర్లు దాటడం మామూలే. దానికి తోడు ఆన్ స్థానంలో ఇగ్నీషన్ కాయిల్, పెట్రోలు పంపు, వైపర్లు, బ్లోయర్ ఫ్యాన్ చాలా పాత కార్లలో ఈ స్విచ్ మీదే బతుకుతాయి. కొత్త కార్లలో వీటిలో చాలావాటికి మధ్యలో రిలేలు, అంటే స్విచ్ నుంచి కొద్ది కరెంటు తీసుకుని పెద్ద కరెంటును కలిపే పరికరాలు, ఉంటాయి. పాతవాటిలో కంపెనీ ఖర్చు చూసుకుని చాలాచోట్ల రిలే మానేసింది.

మన దగ్గర ఇంకో కథ కూడా ఉంది. ఏసీ లేని మోడల్ కొని బయట ఏసీ పెట్టించుకోవడం ఒకప్పుడు మారుతి 800 యజమానులకు మామూలు సంగతి. ఆ ఏసీ బ్లోయర్‌కీ కండెన్సర్ ఫ్యాన్‌కీ వైరు ఎక్కణ్ణించి లాగాలి? తాళం తీస్తే ఆగిపోవాలి కాబట్టి ఇగ్నీషన్ వైరుకే అతుకు వేసి టేపు చుట్టేవారు. తర్వాత స్టీరియో, ఆ తర్వాత ఫాగ్ లాంపులు. కంపెనీ ఇంజినీరు లెక్కలో లేని కరెంటంతా ఆ రాగి రేకు మీంచే పోయింది.

తాకినట్టుండే తాకుడు

రెండు రాగి ముక్కలు ఒకదానికొకటి ఆనుకున్నాయంటే ఉపరితలం మొత్తం కలిసిందని అనుకుంటాం. ఎంత నున్నగా అరగదీసినా సూక్ష్మదర్శినిలో అవి మిట్టపల్లాలే. ఎదురెదురు మిట్టలు తగిలిన కొద్దిచోట్లలోనే నిజమైన తాకుడు ఉంటుంది, కరెంటంతా ఆ చుక్కల్లోంచే దూరి పోవాలి. ఈ చుక్కల శాస్త్రాన్ని ఇరవయ్యో శతాబ్దంలో రాగ్నర్ హోల్మ్ అనే స్వీడిష్ శాస్త్రవేత్త విడమరచి చెప్పాడు. స్విచ్‌లో స్ప్రింగ్ ఉన్నది అందుకే. అది గట్టిగా నొక్కితే మిట్టలు నలిగి మరికొన్ని చుక్కలు కలుస్తాయి.

ఇక తాళం వెనక్కి తిప్పినప్పుడు ఏమవుతుందో చూద్దాం. రేకులు విడిపోతూ చివరి చుక్క మిగులుతుంది. కరెంటంతా ఆ ఒక్క చుక్కలోంచే పోవాల్సి వచ్చి అక్కడి లోహం కరుగుతుంది, ఆవిరవుతుంది, ఆ ఖాళీలో మెరుపు పుడుతుంది. రాగికి అలాంటి మెరుపు నిలబడాలంటే కనీసం 13 వోల్టులు కావాలి. ఇంజను నడుస్తున్న కారులో ఉండేది 14 వోల్టుల దరిదాపు. అంటే మెరుపు అంచు మీదే ఈ స్విచ్ బతుకు. దానికి తోడు సాలినాయిడ్, ఫ్యాన్ మోటారు లాంటివి తీగచుట్టలు. తీగచుట్టలో పారే కరెంటును ఉన్నట్టుండి ఆపబోతే అది ఊరుకోదు, తనలో దాచుకున్న శక్తినంతా వోల్టేజీగా ఎగదన్ని ఆ ఖాళీ దాటడానికి చూస్తుంది. ప్రతి స్టార్టుకీ సాలినాయిడ్ ఇలా ఒకసారి స్విచ్‌ని కాలుస్తుంది.

ఇంటి కరెంటుకి ఈ బెడద తక్కువ. అది సెకనుకి 50 సార్లు అటూఇటూ ఊగుతుంది, ఆ ఊగులో వందసార్లు సున్నాకి వస్తుంది, పుట్టిన మెరుపు అక్కడే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకి ఆ సున్నా లేదు. పాత జీపుల్లో స్టార్టరుకి కాలింగ్ బెల్ బటన్ బిగించి గొప్పగా చూపించేవాళ్ళు కనిపిస్తారు. బెల్లుకి కావలసిన కరెంటెంత, సాలినాయిడ్‌కి కావలసిందెంత? ఆ బటన్ ఎక్కువ రోజులు బతికితే అది బటన్ గొప్పతనమే.

కాలినచోట మసి, ఆక్సైడ్ పేరుకుంటాయి. రాగి ఆక్సైడ్ కరెంటును సరిగా పోనివ్వదు. కంపెనీ రాసిన గ్రీజు ఏళ్ళ తరబడి గట్టిపడి మైనంలా పట్టేస్తుంది. రామగుండం ఎండల్లో రోజంతా నిలబడ్డ బండికి ఆ గతి ఇంకా త్వరగా పడుతుంది. తాకే చుక్కలు తగ్గితే అక్కడ వేడి పెరుగుతుంది. వేడికి స్ప్రింగ్ బిగువు సడలుతుంది. బిగువు సడలితే చుక్కలు ఇంకా తగ్గుతాయి. ప్లాస్టిక్ మెత్తబడి రేకు ఒరిగిపోయేదాకా ఈ చుట్టు సాగుతుంది. తాళాన్ని ఆడించినప్పుడు రేకు మసి లేని చోటికి కాస్త జరుగుతుంది, లేదా ఒకవైపు నొక్కుడు పెరుగుతుంది. ఇంజను అందుకోవడం వెనక ఉన్నది అంతే.

మీటరు చెప్పే అబద్ధం

ఎలక్ట్రీషియన్ మల్టీమీటరు పెట్టి స్విచ్ అవతల వైపు 12 వోల్టులు వస్తున్నాయని చూసి "స్విచ్ బాగానే ఉంది సార్" అంటాడు. ఆయన చూసిన అంకె నిజమే, దాన్నుంచి తేల్చింది తప్పు.

మేడ మీద ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, గొట్టం మధ్యలో వాల్వ్ పాచి పట్టి దాదాపు మూసుకుపోయింది అనుకోండి. కింద కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ కుళాయి దగ్గర పీడనం కొలిస్తే పూర్తిగానే ఉంటుంది. నీళ్ళు కదలడం లేదు కాబట్టి పాచికి అడ్డుకునే పనే లేదు. కుళాయి తిప్పిన మరుక్షణం పీడనం పడిపోయి సన్నటి ధార వస్తుంది. కాలిన కాంటాక్టు ఆ పాచి పట్టిన వాల్వే. మల్టీమీటరు లాగే కరెంటు ఏ మాత్రమూ కాదు, కాబట్టి అది ఎప్పుడూ కుళాయి కట్టేసిన లెక్కే చెబుతుంది.

అందుకని కొలవాల్సింది లోడు పడుతున్నప్పుడు, అదీ స్విచ్‌కి అటూఇటూ. మీటరు ఒక కొన బ్యాటరీ నుంచి స్విచ్‌లోకి వచ్చే వైరు మీద, ఇంకో కొన స్విచ్ నుంచి బయటికి పోయే వైరు మీద పెట్టి, బ్లోయర్, వైపర్లు అన్నీ వేసి చూడాలి. మంచి స్విచ్ అయితే 0.1, 0.2 వోల్టులు చూపిస్తుంది. ఒక వోల్టు చూపిస్తే ఆ వోల్టు స్విచ్‌లోనే మాయమవుతున్నట్టు. 20 ఆంపియర్లు పోతుండగా ఒక వోల్టు పోతే 20 వాట్ల వేడి. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, గోరంత చోటులో 20 వాట్లంటే ఎంత నష్టమో విప్పిన స్విచ్‌ని చూస్తే తెలుస్తుంది. సెల్ఫ్ సంగతి తేల్చాలంటే ఇదే కొలత స్టార్టు వైరు మీద, గేరు న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంకొకరు తాళం తిప్పుతుండగా చూడాలి.

━━━━━━━━━━
పెట్టె: కప్లర్ మీది అంకెలు

స్విచ్ వెనక వైర్లు గుచ్చే కప్లర్ దగ్గర చిన్న అంకెలు గానీ అక్షరాలు గానీ ఉంటాయి. జర్మన్ పద్ధతి పాటించే కార్లలో 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే వైరు. తాళం తీసి జేబులో వేసుకున్నా దీంట్లో కరెంటు ఉంటుంది. 15 అంటే ఆన్ చేసినప్పుడు కరెంటు వచ్చేది. 50 అంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రమే వచ్చేది. జపాన్ పద్ధతి కార్లలో వీటికి బదులు బి, ఐజీ, ఎస్టీ అని, రేడియో లాంటివాటికి ఏసీసీ అని రాసి ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఏసీసీ తెగిపోవడం లోపం కాదు, బ్యాటరీ సత్తువంతా మోటారుకి ఇవ్వడానికి కావాలనే అలా చేశారు. ఐజీ మాత్రం తెగకూడదు. తెగితే సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు.
━━━━━━━━━━

ఆ నిత్యం కరెంటుండే 30 నంబరు వైరు చిన్న సంగతి కాదు. 1996లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో సుమారు 79 లక్షల వాహనాలను ఇగ్నీషన్ స్విచ్ కోసమే వెనక్కి పిలిచింది. స్విచ్ లోపల షార్ట్ అయి, తాళం తీసి నిలిపి ఉంచిన బండ్లలో కూడా స్టీరింగు కింద నిప్పు పుట్టిన సందర్భాలున్నాయి. స్టీరింగు దగ్గర కాలిన వాసన వస్తే రేపు చూద్దాంలే అని రాత్రంతా బండిని ఇంటి కింద పెట్టకూడదు. బ్యాటరీ వైరు తీసి పెట్టాలి.

విప్పడం, బిగించడం

పని మొదలు బ్యాటరీ నెగటివ్ వైరు తీయడంతోనే. ముందు పాజిటివ్ తీయబోతే స్పానర్ రెండో కొన బాడీకి తగలొచ్చు, బాడీ అంతా నెగటివే కాబట్టి నిప్పులు చెలరేగుతాయి. నెగటివ్ తీసేశాక స్పానర్ దేనికి తగిలినా చుట్టు పూర్తి కాదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే వైరు తీశాక కొన్ని నిమిషాలు ఆగాలి, ఎంతసేపన్నది ఆ కారు మాన్యువల్‌లో ఉంటుంది. బ్యాటరీ పోయినా బ్యాగు తెరుచుకోవడానికి కాస్త కరెంటును అది కెపాసిటర్లలో దాచుకుని ఉంటుంది.

స్టీరింగు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవరు స్క్రూలు తీస్తే లాక్, దాని వెనక స్విచ్, స్విచ్ నుంచి వేలాడే కప్లర్ కనిపిస్తాయి. కప్లర్ పీకేముందు ఒక ఫోటో తీసుకోవడం మంచిది. మధ్యలో ఎవరో వేసిన అతుకుల వైర్లు బయటపడేది ఇక్కడే. స్విచ్ స్క్రూలు విప్పి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. మొత్తం లాక్ తీయాల్సి వస్తే మాత్రం పని మారుతుంది. దాన్ని పట్టి ఉంచే బోల్టులకు తలలు ఉండవు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడే తల తెగిపోయేలా వాటిని చేస్తారు, దొంగ స్పానర్ పెట్టి విప్పకుండా. వాటిని ఉలితో నెమ్మదిగా కొట్టి తిప్పాలి, లేదా డ్రిల్ చేయాలి. ఇది మేస్త్రీ చేతికే వదిలేయడం మేలు.

కొత్త స్విచ్ బిగించేటప్పుడు తప్పు జరిగేది ఒక్కచోటే. లాక్ నుంచి వచ్చే రేకు, స్విచ్‌లోని గాడి ఒకే స్థానంలో ఉండాలి. తాళం ఆఫ్‌లో ఉంచి, స్విచ్ చక్రాన్ని కూడా ఆఫ్‌లో ఉంచి దూర్చాలి. కుదరకపోతే ఒక స్థానం తప్పిందని అర్థం. బలం పెట్టి నొక్కితే గాడి విరుగుతుంది.

పాత స్విచ్‌ని పారేసేముందు కప్లర్‌లోని ఆడ టెర్మినల్స్ చూడాలి. ఒకటి నల్లబడో నీలిరంగు తిరిగో ఉంటే, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారి ఉంటే వేడి అక్కడా పుట్టింది. దాన్ని అలాగే వదిలి కొత్త స్విచ్ గుచ్చితే, ఆ సడలిన టెర్మినల్ వేడి కొత్తదాన్ని కాలుస్తుంది. ఏడాదికోసారి స్విచ్ పోతోందని వాపోయే చాలా కార్లలో మార్చనిది ఈ టెర్మినలే. అదనపు ఫ్యాన్లకూ లైట్లకూ రిలే వేయించడం కూడా ఇప్పుడే చేయాలి. రిలే తన కాయిల్‌కి స్విచ్ నుంచి పావు ఆంపియరైనా తీసుకోదు, బరువంతా బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో వచ్చే వేరే వైరు మోస్తుంది. స్విచ్ మార్చి భారం తగ్గించకపోవడం, నా దృష్టిలో, సగం పనికి పూర్తి డబ్బు ఇవ్వడమే.

టక్కుమనడం వెనక లెక్క

తాళం ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి పోయేటప్పుడు వేలికి టక్కుమని తగులుతుంది. స్విచ్‌లో స్ప్రింగ్ నెట్టే చిన్న గూటం ఒక గుంటలోంచి లేచి ఇంకో గుంటలో పడుతుంది. తాళాన్ని దాని స్థానంలో పట్టి ఉంచేది ఆ గూటమే.

జనరల్ మోటార్స్ కంపెనీ షెవర్లే కోబాల్ట్, శాటర్న్ అయాన్ వంటి చిన్న కార్లలో వాడిన స్విచ్‌కి ఈ బిగువు తక్కువైంది. తాళం తిరగడానికి కంపెనీ తానే పెట్టుకున్న కొలత 20 న్యూటన్ సెంటీమీటర్లు, 5 అటూఇటూ. వచ్చిన స్విచ్‌లు అందులో కింది గీత కూడా అందుకోలేదు. బరువైన తాళాల గుత్తి వేలాడుతున్నా, మోకాలు తగిలినా, గతుకులో పడినా తాళం ఆన్ నుంచి ఏసీసీకి జారేది. ఇంజను ఆగేది, పవర్ స్టీరింగు సాయం పోయేది. అన్నిటికన్నా ఘోరం, ఏసీసీలో ఎయిర్‌బ్యాగులు పనిచేయవు. బండి గుద్దుకునే వేళకి బ్యాగు తెరుచుకునేది కాదు. 2014లో మొదలైన ఈ రీకాల్‌లో ఈ స్విచ్ ఉన్న కార్లు సుమారు 26 లక్షలు. కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలకు ఈ స్విచ్‌తో సంబంధముందని అంగీకరించింది.

అసలు గుట్టు రట్టయింది రెండు స్విచ్‌లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు. జార్జియా రాష్ట్రంలో ఒక యువతి మరణంపై వేసిన దావాలో ఆమె కుటుంబం తరఫు ఇంజినీరు పాత కారు స్విచ్‌నీ, కంపెనీ డీలరు దగ్గర కొన్న కొత్త స్విచ్‌నీ విప్పి కొలిచాడు. కొత్తదాంట్లో గూటం పొడవు పెరిగింది, బిగువూ పెరిగింది. 2006లోనే లోపాన్ని లోలోపల సరిచేశారు, పార్ట్ నంబరు మాత్రం మార్చలేదు. అందువల్ల ఏ కారులో ఏ స్విచ్ ఉందో బయటివాళ్ళకే కాదు, కంపెనీలోని దర్యాప్తుదారులకూ ఏళ్ళ తరబడి అంతుపట్టలేదు.

కొత్త స్విచ్ కొనేవాళ్ళు ఈ కేసులోంచి పట్టుకుపోవాల్సిన సంగతి ఒకటుంది. పెట్టె మీది నంబరు సరిపోతే చాలదు. కౌంటరు దగ్గరే చక్రాన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూడాలి. ప్రతి స్థానంలో టక్కుమని పడాలి, స్టార్టు నుంచి వదిలితే తనంతట తనే ఆన్‌కి వెనక్కి రావాలి. అలా రాని డూప్లికేట్ స్విచ్ బిగిస్తే సెల్ఫ్ మోటారు ఇంజనుతో పాటే తిరుగుతూ ఉండిపోయి పళ్ళు అరిగి, వైండింగ్ కాలుతుంది. అప్పుడు స్విచ్ ఖరీదుకి ఎన్నో రెట్లు మోటారుకి పెట్టాలి.

బిగించాక బ్యాటరీ వైరు కలిపి, కవరు స్క్రూలు వేయకముందే ఒక్కో స్థానం చూసుకోవాలి. ఏసీసీలో రేడియో, ఆన్‌లో ఆయిల్, బ్యాటరీ దీపాలు, స్టార్టులో సెల్ఫ్. ఇంజను నడుస్తుండగా బ్లోయర్, వైపర్లు వేసి, నిలిపి ఉంచిన బండిలోనే తాళాన్ని అటూఇటూ ఆడించి చూడాలి, దీపం కూడా మిణుకుమనకూడదు. ఆపేశాక తాళం లాక్ స్థానంలో మాత్రమే బయటికి రావాలి, స్టీరింగు తిప్పితే కడ్డీ పడాలి. పది నిమిషాలు నడిపి వచ్చి కప్లర్ మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే కవరు మూయకండి, అతుకుల్లో ఏదో ఇంకా మిగిలే ఉంది.